తన పాఠం తానే విన్న టీచరుగారు

శనివారం సాయంత్రమయ్యేసరికి మా మేడమీది గదిలోంచి టీచరుగారి గొంతు వినిపించేది. ఆ గొంతు భాగహారం చెబుతూ ఉండేది. టీచరుగారు మాత్రం చాప మీద, ఒళ్ళో చేతులు పెట్టుకుని, పెదవి విప్పకుండా కూర్చుని ఉండేవారు. గొంతు వచ్చేది ఫోనులోంచి. ఆ వారం బళ్ళో చెప్పిన పాఠాన్ని రికార్డు చేసుకొచ్చి, తోటి మాస్టారితో కలిసి వినేవారు. వినడం, ఆపడం, వెనక్కి జరిపి మళ్ళీ వినడం.

మొదటిసారి అది చూసి మా ఆయన కిందికి వచ్చి, "పిల్లలకి చెప్పింది చాలక తనకి తానే చెప్పుకుంటున్నారేంటి టీచరమ్మగారు?" అన్నారు.

"చెప్పుకోవట్లేదండీ, వింటున్నారు."

"అయితే ఆవిడ గొంతు ఆవిడకి బాగా నచ్చినట్టుంది."

ఆయనది వేళాకోళమే. నచ్చి వినే మనిషి మొహం అలా ఉండదు. పంటినొప్పి ఓర్చుకుంటున్న మనిషిలా ఉండేవారు ఆవిడ.

ఆవిడది తాడేపల్లిగూడెం. భర్త అక్కడే రైసుమిల్లులో సూపర్‌వైజరు. ఎల్‌కేజీ చదివే కూతురు నాన్నమ్మ దగ్గర ఉండేది. ఉద్యోగం మాత్రం కొల్లేటి లంక ఊళ్ళో, ప్రాథమిక పాఠశాలలో. గూడెంలో రైలెక్కి, ఏలూరులో దిగి, ఆటో పట్టుకుని ఆ ఊరు చేరేసరికి రోజూ మొదటి పీరియడు అయిపోతోందని ఏలూరులోనే మా పై గది అద్దెకు తీసుకున్నారు. సోమవారం వచ్చి శనివారం సాయంత్రం రైలుకి వెళ్ళిపోయేవారు. ఆ రైలుకి ముందు దొరికే కాస్త వ్యవధిలోనే ఈ వినడం. మాస్టారిది భీమడోలు, ఆయన బడి కూడా కొల్లేటి వైపే. ఇద్దరిదీ ఒకే రైలు కాబట్టి మా ఇల్లు మధ్యలో మజిలీ అయింది.

వాళ్ళనీ పని ఎవరూ చెయ్యమనలేదు. చేసినందుకు మెచ్చుకునేవాళ్ళూ లేరు. "మన తరగతిలో ఏం జరుగుతోందో మనం చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు పిన్నిగారూ? పరిశోధన అంటే పెద్ద మాట గాని, ఇది అదే," అనేవారు టీచరుగారు. పరిశోధన అంటే తెల్లకోట్లు వేసుకున్నవాళ్ళ పని అని నేను అప్పటిదాకా అనుకునేదాన్ని. మా చాప మీద, టీ గ్లాసుల మధ్య కూర్చుని కూడా చెయ్యొచ్చని అప్పుడే తెలిసింది.

వాళ్ళకొక పద్ధతి ఉండేది. ఎవరి పాఠం వింటున్నారో వాళ్ళు మాట్లాడకూడదు. "ఆ రోజు కరెంటు లేదండి", "సగం మంది రాలేదండి" లాంటి సంజాయిషీలు కుదరవు. రెండోవారు విన్నది మాత్రమే చెప్పాలి, అనుకున్నది చెప్పకూడదు. పాఠం బాగుంది అంటే అది అనుకున్నది. ఈ ప్రశ్నకి పిల్లలు నోరు తెరిచేలోపు జవాబు మీరే చెప్పేశారు అంటే అది విన్నది. ఎవరైనా గీత దాటితే టీ గ్లాసులు కడగాలి. మాస్టారు ఎక్కువసార్లు కడిగారు. ఒకసారి ఆయన రికార్డింగు విని టీచరుగారు, "మీరు పేరు పెట్టి పిలిచిన పిల్లలందరి గొంతులూ దగ్గర్నుంచే వినిపిస్తున్నాయండి. దూరపు గొంతు ఒక్కటీ లేదు," అన్నారు. ఆయన కాసేపు తల గోక్కుని, "ఫ్యానండీ," అన్నారు. తరగతిలో ఉన్న ఒకే ఒక్క ఫ్యాను కింద నిలబడి, ఆ గాలి తగిలే పిల్లల్నే ఆయన ఏళ్ళ తరబడి ప్రశ్నలడుగుతున్నారట. "సంజాయిషీ," అని టీచరుగారు గ్లాసులు చూపించారు. ఆయన లేచి కడుగుతూ, "గాలి తగలని పిల్లల్ని సోమవారం నుంచి చూస్తానండి," అన్నారు. చూశారు కూడా.

టీ ఇచ్చి వెళ్ళబోతుంటే నన్ను కూడా కూర్చోమనేవారు. నేను బడి ముఖం చూడలేదు. మా నాన్న తివాచీల మగ్గం మీద పనిచేసేవారు. ఆడపిల్లల్ని బడికి పంపే అలవాటు మా ఇంట్లో అప్పటికి లేదు. ఆయనే మగ్గం దిగి వచ్చాక, ఊలు నూగు ఇంకా చేతులకి అంటుకుని ఉండగానే, పలక తెచ్చి తెలుగు అక్షరాలు దిద్దించారు. ఖురాను మా అమ్మ నేర్పింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆ సాయంత్రాల చలవ, పైవాడి దయ. బడికి వెళ్ళలేదన్న బాధ నాకు లేదు గాని, టీచర్లంటే మాత్రం చెప్పులు విప్పి నిలబడాలనిపించేంత గౌరవం. అలాంటివాళ్ళు మా ఇంట్లో కూర్చుని తమ తప్పు తామే వెతుక్కుంటుంటే వినే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది?

దసరా సెలవులయ్యాక ఒక సాయంత్రం టీచరుగారు బ్యాగు దించకుండానే మా మెట్ల మీద కూర్చుండిపోయారు. నేను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను.

"గూడెంలో ఆఫీసు పనికి ఒక మనిషి కావాలటండి. కంప్యూటర్లో వివరాలు ఎక్కించే పని. డిప్యుటేషన్ మీద వస్తారా అని అడిగారు. సంవత్సరం పరీక్షల్లోపు చెప్పమన్నారు," అన్నారు.

"మంచి మాటే కదండీ. పాప దగ్గరే ఉండొచ్చు."

"మంచిదే పిన్నిగారూ. పాప కోసం వెళితే మంచిదే. చేతకాక వెళ్ళిపోతున్నానేమోనని."

అప్పుడు చెప్పారు సంగతి. ఆవిడ చెప్పేది ఐదో తరగతి. భాగహారం చెప్పినన్నాళ్ళూ పిల్లలు అర్థమైందనే అన్నారు. తీరా లెక్కలిచ్చి చేయమంటే సగానికి పైగా ఖాళీ కాగితాలు. మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. మళ్ళీ అర్థమైందన్నారు. మళ్ళీ ఖాళీ.

"పరీక్షల్లోపు తేల్చుకోవాలండి. ఆ తరగతికి నేను పనికొస్తానంటే ఉంటాను. రాననుకుంటే గూడెం వెళ్ళిపోతాను. నా చోట్లో ఇంకెవరైనా మంచివాళ్ళొస్తారు, పిల్లలు బాగుపడతారు."

ఆ మాట చాలా మామూలుగా అన్నారు. పిల్లలు మొద్దులనో, ఇంట్లో పట్టించుకోరనో అనేసి ఊరుకోవడం ఎంత తేలిక. ఆవిడ నోట ఆ మాట ఒక్కసారీ రాలేదు. ఆ రాత్రి నమాజులో ఆవిడ కోసం దువా చేశాను. ఇక్కడే ఉంచమని అడగలేకపోయాను, అక్కడ తల్లి కోసం ఎదురుచూసే పసిపిల్ల ఉంది కదా. ఏది మంచిదో అది ఆవిడకి కనిపించేలా చెయ్యమని మాత్రం అడిగాను.

ఆ శనివారం మాస్టారు రికార్డింగంతా విని, "విన్నది చెబుతానండి," అన్నారు. "మీరు 'అర్థమైందా' అన్నారు. వాళ్ళు 'ఆయ్, అర్థమైందండీ' అన్నారు. మీరు అడిగిన ప్రతిసారీ అన్నారు. ఒకసారి మీరు అడగడం పూర్తికాకుండానే అనేశారు."

టీచరుగారు నోరు తెరిచి, గ్లాసుల వైపు చూసి, మూసుకున్నారు.

"గుళ్ళో గోవిందా అన్నట్టే ఉందండి," అని మాస్టారు కలిపారు.

"అది అనుకున్నది," అన్నారు టీచరుగారు. ఆ రోజూ గ్లాసులు ఆయనవే. అయితే నవ్వుతూనే ఆవిడ ఆ మాటని పట్టుకున్నారు. సోమవారం తరగతిలో, అర్థం కానివాళ్ళు చెయ్యెత్తమన్నారట. ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ వెంటనే ఒక లెక్క ఇస్తే, చెయ్యెత్తనివాళ్ళలో చాలామంది పెన్సిలు నోట్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఊరుకునే మనిషి కాదావిడ. సాయంత్రం కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక తల్లిని అడిగారట, పిల్ల అర్థం కాలేదని ఎందుకు చెప్పదని. ఆ తల్లి ఆశ్చర్యపోయిందట. "మీరు గొంతు నొప్పెట్టేలా చెబుతుంటే, తెలీలేదంటే ఏం బావుంటదండీ? పెద్దోళ్ళని తప్పు పట్టినట్టుండదాండీ?" అందట. పక్కనే ఉన్న పిల్ల టీచరు చీర కుచ్చిళ్ళ వైపు చూస్తూ, "మీకు బాధేత్తాదని," అందట.

ఇది విని నేను నవ్వాను, తర్వాత ఆలోచిస్తూ ఉండిపోయాను. మా వైపు మర్యాద అలాంటిది. ఎవరింటికైనా భోజనానికి వెళితే కడుపు నిండకపోయినా నిండిందండీ అంటాం. ఉప్పు తక్కువైన కూరని కూడా వండినావిడ నొచ్చుకుంటుందని బాగుందండీ అంటాం. పిల్లలు ఇంట్లో నేర్చుకున్న ఆ మర్యాదనే బళ్ళోకి పట్టుకెళ్ళారు. మా నాన్న రోజంతా మగ్గం మీద వంగి పనిచేసి వచ్చి లెక్క చెబుతుంటే నేనూ అర్థమైంది నాన్నా అనేదాన్నే. ఇప్పటికీ పెద్ద భాగహారాలు నాకు రావు.

"మరి నాకు బాధ అని వాళ్ళకెలా తెలిసింది?" అన్నారు టీచరుగారు మరుసటి శనివారం. "నేనెప్పుడూ చెయ్యి చేసుకోలేదు. గొంతు పెంచలేదు."

"గొంతులో లేదండి, విన్నాం కదా," అన్నారు మాస్టారు. "మొహంలో ఉందేమో. ఫోను ఎవరైనా పట్టుకుని మిమ్మల్నే చూపించాలి. నాకేమో నా బడి ఉంది."

ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు.

అలా నేను మొదటిసారి ఒక తరగతి గదిలో కూర్చున్నాను. హెడ్మాస్టరుగారు సరేనన్నారట. శీతాకాలం, పొద్దున్నే ఆటోలో బయల్దేరాం. దారికి రెండువైపులా చేపల చెరువులు, తర్వాత కిక్కిస గడ్డి, దాని వెనక మంచులో కొల్లేరు. గూడబాతులు గుంపుగా నీళ్ళ మీద కూర్చుని ఉన్నాయి. ఆటోలో చోటు చాలక ఒకావిడ చేపల దాణా బస్తా నా కాళ్ళ మీద పెట్టి, "ఏవనుకోకండేం," అంది. ఏమీ అనుకోలేదు. నాకు లోపల పెళ్ళికూతురికుండేంత బెదురుగా ఉంది.

పిల్లలు లేచి నిలబడి నాకు గుడ్ మార్నింగ్ చెప్పారు. నేనేం చెప్పాలో తెలియక చేతులు జోడించాను. చివరి బల్ల మీద కూర్చుని, నేర్పినట్టే ఫోను రెండు చేతులతో పట్టుకుని టీచరుగారి మొహం మీద నిలిపాను. ఆవిడ పాఠం చెబుతుంటే నాకు కళ్ళు తిప్పబుద్ధి కాలేదు. ఎంత ఓపిక, ఎంత మెత్తదనం. ఒక పిల్లవాడు బోర్డు దగ్గర లెక్క తప్పు చేశాడు. టీచరుగారు చెంపకి చెయ్యి ఆనించుకుని, కనుబొమలు దగ్గరికి చేర్చి, "అయ్యో," అన్నారు. మెల్లిగా, ఎంతో ప్రేమగా. నేనైతే మురిసిపోయాను. వీళ్ళు ఎంత పెట్టి పుట్టారో, తప్పు చేస్తే కూడా జాలిపడే టీచరు దొరికింది అనుకున్నాను.

శనివారం ఆ వీడియో చూశారు.  పాఠం అయ్యాక మాస్టారు, "ఈసారి విన్నది కాదండి, చూసింది చెబుతాను," అన్నారు. "మీరు అయ్యో అన్నాక, ముందు వరసలో ఎత్తి ఉన్న చేతులు దిగాయి."

టీచరుగారు తనే వెనక్కి జరిపారు. చూశారు. ఇంకోసారి జరిపారు. అయ్యో అన్న చోట బొమ్మని ఆపి, ఫోను దగ్గరగా తెచ్చుకుని తన మొహాన్ని తనే చూసుకున్నారు. 

"ఇది మా అమ్మ మొహం," అన్నారు చివరికి. "చిన్నప్పుడు నాకు జ్వరం వచ్చిందని చెబితే మా అమ్మ ఇలాగే పెట్టేది. ఆ మొహం చూడలేక జ్వరం వచ్చినా చెప్పేదాన్ని కాదు."

పద్ధతి ప్రకారం ఆవిడ మాట్లాడకూడదు. మాస్టారు ఆ సంగతి గుర్తు చేయలేదు. తనే లేచి గ్లాసులన్నీ తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళిపోయారు. రైలుకి ఇద్దరూ ఆలస్యంగా బయల్దేరారు.

ఏం తప్పుందో తెలిసింది గాని, మానడం అంత తేలిక కాలేదు. కోపమైతే అణుచుకోవచ్చు. జాలిని అణుచుకోవడం ఎలా? టీచరుగారు పెదాలు బిగించుకుని ఉండాలని చూశారు. రెండో రోజుకే ఒక పిల్ల వచ్చి, "ఒంట్లో బాగోలేదాండీ టీచర్?" అని అడిగిందట. ఇంకోసారి బోర్డు వైపు తిరిగి నిలబడ్డారట. అప్పుడు పిల్లలు ఏదో అలక అనుకున్నారట. ఇంటికొచ్చి ఇవన్నీ చెప్పి నవ్వేవారు. నవ్వయ్యాక అలిసిపోయినట్టు కనిపించేవారు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. గూడెం నుంచి పాప ఫోను చేసి, "అమ్మా, ఎప్పుడొచ్చేస్తావు?" అంటే, "కొంచెం ఆగు తల్లీ," అనడం కింద వరండాలో నాకు వినిపించేది.

ఒక రోజు సాయంత్రం ఆవిడ మెట్లెక్కకుండా తిన్నగా మా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చారు. నేను బియ్యం కడుగుతున్నాను.

"పిన్నిగారూ, ఇవాళ దోనెలో వెళ్ళొచ్చానండి."

నాలుగు రోజులుగా బడికి రాని పిల్లని చూడ్డానికి వెళ్ళారట. ఆ ఇల్లు కాలువ అవతల. పిల్ల తల్లే దోనె మీద తీసుకెళ్ళింది. ముందు ఇంకో దోనె గడ్డి మోపులతో వెళుతోంది. ఉన్నట్టుండి ఆ ముందు దోనె ఆయన వెనక్కి తిరిగి, "ఇక్కడ ఆగిపోయింది, గుర్రపుడెక్క అడుగుదాకా ఉంది, ఎడంపక్కగా రండి," అని కేకేశాడట. పిల్ల తల్లి "ఆయ్" అని గడ వేసి దోనెని ఎడమకి తిప్పింది. కాస్త దూరం పోయాక, ఆయన దోనెకి ఈవిడ ఒక తోపు తోసింది. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

"అంతేనాండీ?" అన్నాను.

"అంతేనండి. ఆగిపోయినాయన సిగ్గుపడలేదు. ఈవిడ అయ్యో అనలేదు. నేనే అన్నాను, పడవలో కూర్చుని." ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. "ఆవిణ్ణి అడిగాను, ఆయన ఎందుకు కేకేశాడని. చెప్పకపోతే వెనకోళ్ళు వచ్చి అందులోనే పడరాండీ, చెప్పడం మర్యాద కదండీ అంది. ఆ పిల్లలకి ఒక మర్యాద నోరు మూయిస్తోందని ఇన్నాళ్ళూ ఏడుస్తున్నాను. నోరు తెరిపించే మర్యాద కూడా వాళ్ళ దగ్గరే ఉంది. నేనే అడగవలసినట్టు అడగలేదు."

మర్నాడు తరగతిలో ఏం చేశారో, ఆ తర్వాతి వారం ఫోను పట్టుకోవడానికి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. అర్థమైందా అన్న మాట ఆ గదిలోంచి పోయింది. దాని బదులు, "ఎక్కడ ఆగింది?" అని అడుగుతున్నారు. లెక్క కూడా దోనెలాంటిదేననీ, ఎవరిది ఎక్కడ ఆగిందో కేకేసి చెబితే వెనక వచ్చేవాళ్ళకి దారి తెలుస్తుందనీ పిల్లలకి చెప్పారట. తన సంగతి కూడా దాచలేదు. నేను అయ్యో అనడం మానాలని చూస్తున్నాను, అన్నప్పుడల్లా మీరే చెప్పాలి అన్నారట. ఆ పని మాత్రం పిల్లలకి పండగైంది.

ఆ రోజు లెక్క, ఆరు వందల పన్నెండు చేపపిల్లల్ని ఆరు డ్రమ్ముల్లో సమానంగా వేస్తే ఒక్కో దాంట్లో ఎన్ని అని. ఒక కుర్రాడు బోర్డు మీద చేసి పన్నెండు అని రాశాడు.

వెనక నుంచి ఇంకొకడు, "డ్రమ్ముకి పన్నెండైతే మిగతా పిల్లలన్నీ నీ నిక్కరు జేబులో వేసుకున్నావేంట్రా?" అన్నాడు. గదంతా నవ్వింది. బోర్డు దగ్గరివాడూ నవ్వాడు. టీచరుగారి చెయ్యి చెంపదాకా వెళ్ళింది.

"టీచర్, వచ్చేత్తందండీ," అన్నారు ముందు వరసవాళ్ళు.

ఆవిడ చెయ్యి దించి, "రాలేదు, రాలేదు. ఊరికే దురద," అన్నారు. మళ్ళీ నవ్వులు. "సరే, నీ దోనె ఎక్కడ ఆగింది?"

వాడు బోర్డు వైపు తిరిగి వేలితో వెతికాడు. ఆవిడ తొందరపెట్టలేదు. నా చేతుల్లో ఫోను బరువెక్కింది గాని ఆవిడ కదల్లేదు.

"ఇక్కడండి," అన్నాడు వాడు. "ఆరులో ఆరు ఒకసారి పోయిందండి. ఒకటి దింపానండి. ఒకట్లో ఆరు పోదు కదండీ. అందుకని రెండు కూడా దింపేశానండి."

"ఇంకెవరిది అక్కడ ఆగింది?"

చేతులు లేచాయి. అర్థం కానివాళ్ళు ఎత్తమన్నప్పుడు ఒక్కటీ లేవని ఆ గదిలోనే. మర్యాదగా, ఒకరి తర్వాత ఒకరు, నాదీ అక్కడేనండి అంటున్నారు. టీ గ్లాసులు అందించే మనిషినని మరిచిపోయి నేనూ దాదాపు చెయ్యెత్తబోయాను. నాది కూడా అక్కడే ఆగింది, మా నాన్న పలక మీద. ఒకట్లో ఆరు పోనప్పుడు పోలేదని చెప్పడానికి పైన ఒక సున్న పెట్టాలని, పెట్టకపోతే డ్రమ్ముకి తొంభై చేపలు మాయమైపోతాయని, ఆ రోజు ఆ పిల్లల మధ్య కూర్చుని తెలుసుకున్నాను. అల్‌హందులిల్లా అనుకున్నాను పైకి వినిపించకుండా. వీడియో ఆ చోట కాస్త వణికింది. శనివారం మాస్టారు చూసి, "ఇక్కడ కెమెరా ఆవిడ పాఠంలో పడిపోయారండి," అన్నారు. అది అనుకున్నదో చూసిందో ఎవరూ తేల్చలేదు.

అంతా ఒక్కసారి బాగైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పరీక్షల ముందు టీచరుగారు మళ్ళీ లెక్కలిచ్చారు. ఖాళీ కాగితాలు లేవు. తప్పులు మాత్రం ఉన్నాయి. కొందరు సున్న పెట్టకూడని చోట పెట్టారు. ఇద్దరికి ఎక్కాలే రావని బయటపడింది. ఆ కాగితాలు చాప మీద పరుచుకుని మాస్టారూ ఆవిడా చాలాసేపు చూశారు.

"ఇది గెలుపంటారా మేడంగారూ?" అన్నారు మాస్టారు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగారు.

 ఆ సాయంత్రమే గూడెం మండలం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మేం వింటుండగానే మాట్లాడారు. "నమస్తే సార్. ఆలోచించానండి. రాలేనండి. ఆఁ, ఇల్లు అక్కడేనండి. పాపా అక్కడే. అయినా రాలేనండి. ఇంకెవరినైనా చూసుకోండి, ఏమీ అనుకోవద్దు." ఫోను పెట్టేశాక చాప మీది కాగితాలన్నీ దొంతరగా సర్దారు.

"మీరడిగారు కదండీ మాస్టారూ," అన్నారు. "దసరాకి నాకు తెలిసిందల్లా వీళ్ళకి రాలేదన్నదొక్కటే. ఇప్పుడు ఎవరిది ఎక్కడ ఆగిందో తెలుసు. అంత తెలిసీ ఎలా వెళ్ళనండీ? కొత్తగా వచ్చినవాళ్ళకి మళ్ళీ ఆయ్ అర్థమైందండీ నుంచే మొదలవుతుంది."

తర్వాత గూడెం ఫోను చేసి భర్తకి చెప్పారు. ఆయన ఏమన్నారో మాకు వినపడలేదు. ఆవిడ మాత్రం చాలాసేపు "ఊఁ" అంటూ విని, ఫోను చెవి దగ్గర్నుంచి తీసి నన్నడిగారు. "పిన్నిగారూ, జూన్‌లో పాపని ఇక్కడే బళ్ళో వేద్దామంటున్నారండి. శనివారాలు ఆయనే ఇటొస్తారట. నేను బడి నుంచి వచ్చేదాకా పాప మీ దగ్గర ఉంటే మీకు కష్టమవుతుందాండీ?"

కష్టమేమిటి. అడగడానికి ధైర్యం చాలక నేను దువాలో వదిలేసింది ఆవిడే నా గుమ్మంలోకి తెచ్చి పెడుతున్నారు. తీసుకురమ్మని తల ఊపాను. లోపల్నుంచి మా ఆయన, "ఉండనివ్వమ్మా, కష్టం దేనికి? మాకూ ఇంట్లో ఒక మనిషి గొడవ చెయ్యాలి కదా," అన్నారు.

ఆ శనివారం ఆవిడ గూడెం రైలెక్కలేదు. ఎక్కాలు రాని ఆ ఇద్దరు పిల్లల ఇళ్ళకీ ఆదివారం పొద్దున వస్తానని కబురు పంపారట. ఆటో అతనికి ఫోను చేసి పెందలాడే రమ్మని చెప్పి, పైకి వెళ్ళి చీర ఇస్త్రీ చేసుకున్నారు.